జేబులో ఫ్యూజు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. నేను కరెంటు పని చేసేవాణ్ణి. కరెంటు పోయిందంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నా నమ్మకమంతా అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అత్వెల్లి దగ్గర ఒక తోటలో సినిమా షూటింగు జరిగింది. హీరోయిన్ విశ్రాంతి తీసుకునే కారవాన్‌కు కరెంటు ఇవ్వడం నా పని. బండిలో రెండు ఏసీలు, ఒక గీజరు. అంత లోడు పెట్టేముందు మీటరు నుంచి బండి దాకా వైరు వెంబడి నడవాలి. అతుకులు చూడాలి. కాసేపు హీటరు నడిపి, వైరు వేడెక్కుతోందేమో పట్టి చూడాలి.

నేను చూడలేదు. ఎండ మాడ్చేస్తోంది, మేనేజరు తొందరపెడుతున్నాడు. "చూసిన సార్, ఏం పరేషాన్ లేదు" అనేశాను.

ఫ్యూజు పెట్టి వచ్చి డ్రైవరు సత్తయ్యతో పేకాటకు కూర్చున్నాను. అరగంటకు ఏసీలు ఆగిపోయాయి. వెళ్లి చూస్తే మీటరు బోర్డు మీద ఫ్యూజు లేదు. కాలిపోవడం కాదు, అరచేతంత పింగాణీ ముక్క మొత్తం మాయం.

పక్కనే రేకుల షెడ్డు. కాపలాదారు భార్య యాదమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఇంకెవరూ లేరు.

"ఫ్యూజు తీసి యాడ దాచినవ్?" అని అరిచాను.

"నేనెందుకు దీస్త అన్నా? గీడికెల్లి లేస్తే ఒట్టు" అంది.

నేను వినలేదు. నా అరుపులకు పోగైన షూటింగు వాళ్లంతా చూస్తుండగా ఆమె బట్టల మూట విప్పించాను. పాత చీరలు, పసిపిల్ల గుడ్డలు మట్టిలో పడ్డాయి. ఏడుస్తూనే వాటిని ఏరుకుంది.

చెమట తుడుచుకుందామని ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాను. ఫ్యూజు! ఇంకా వెచ్చగా ఉంది.

లైను మీద పని చేసేటప్పుడు మరొకరు తిరిగి పెట్టేయకుండా ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం మా అలవాటే. కానీ ఆరోజు నేను పీకలేదు. పేకాట మధ్యలో లేవనే లేదని సత్తయ్య ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆ జేబులోంచే అప్పటికి రెండుసార్లు రుమాలు తీశాను కూడా.

అప్పుడు తలెత్తి చూశాను. మా వైరు ఆ షెడ్డు మీదుగానే వెళ్తోంది. ఒక అతుకు దగ్గర తొడుగు కరిగి, రాగి తీగ రేకుకు అంటుకుని ఉంది. ఆ రేకు కింద ఇనుప పైపుకు ఉయ్యాల కట్టి ఉంది. అందులో యాదమ్మ బిడ్డ నిద్రపోతోంది.

మేనేజరు నా చేతిలోని ఫ్యూజును, కరిగిన వైరును చూశాడు. "సమయానికి పీకేశావు, పీకింది మర్చిపోయినట్టున్నావు" అని భుజం తట్టాడు. నేను కాదనలేదు.

యాదమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. "తిడితే తిడితివి తియ్ అన్నా. నువ్వు దీయబట్టే నా బిడ్డ బతికింది" అని దండం పెట్టింది. అప్పుడైనా నోరు తెరవాలి కదా, సిగ్గులేని బతుకు! తలూపి ఊరుకున్నాను.

ఆ ఫ్యూజు ఎవరు పీకారో, నా జేబులోకి ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. మేడ్చల్ వైపు వెళ్లినప్పుడల్లా అత్వెల్లిలో దిగి ఆమెకు నిజం చెప్పాలనుకుంటాను. బస్సు ఆగుతుంది. మళ్లీ కదిలేదాకా సీట్లోనే కూర్చుంటాను.