ఈరమ్మ విడిపించుకున్న చేయి

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను కర్నూలులోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో ఆయాగా ఉన్నాను. రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉంది. ఆయా పని తుడవడం, మోయడం మాత్రమే కాదు. నొప్పులు పడే మనిషి పక్కన నిలబడి నడుము రుద్దాలి, ధైర్యం చెప్పాలి. మందు నర్సులది, మాట మాది.

నలభై దాటాక వయోజన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి కేసు షీటులో పేరు, ఊరు, మతం హెడ్డునర్సు నాచేతే రాయించేది. స్వీడన్ నుంచి మూడు నెలల కోసం వచ్చిన ఇంగ్రిడ్ అనే నర్సు ఆ మతం గడి చూసి, ఇదెందుకని అడిగింది. వాళ్ల ఊళ్లో చాలామందికి దేవుడి ఊసే ఉండదట, తనకూ ఏ దేవుడూ లేడట. ఆమె ఇంగ్లీషులో అన్న ఈ మాటలు హెడ్డునర్సు నాకు తెలుగులో చెప్పింది. మా దగ్గర రాఘవేంద్రస్వామికో, దర్గాకో మొక్కుకోకుండా కాన్పు టేబులెక్కిన మనిషిని నేను చూడలేదు.

ఇంగ్రిడ్ వేడిగుడ్డతో కాపడం పెట్టి, చేయి పట్టుకుని గంటల తరబడి కూర్చునేది. వారం తిరగకముందే అందరూ "తెల్లమ్మను పిలువు" అనసాగారు.

"ఏం ఆయమ్మా, నీ రాజ్యం పోయిందే!" అని హెడ్డునర్సు నవ్వింది. ఇరవై ఏళ్లుగా ఆ పిలుపు నాది. కడుపు మండిపోయింది.

ఒకరోజు ఆలూరు దిక్కు నుంచి ఈరమ్మ తొలికాన్పుకు వచ్చింది. ఇంగ్రిడ్ చేయి పట్టుకుని నొప్పులు ఓర్చుకుంటోంది. నేను వంగి చెవిలో చెప్పాను: "ఆమెకు దేవుడే లేడంట పాపా. నీ మొక్కు ఏమయితాదో!"

ఈరమ్మ చేయి లాగేసుకుంది. "అయ్యో స్వామీ! ముట్టొద్దని చెప్పు ఆయమ్మా."

ఇంగ్రిడ్ అర్థంకాక నా వైపు చూసింది. నేను ఈరమ్మ నడుము రుద్దసాగాను. ఆమె అవతలి టేబులుకు పోయింది.

అంతలోనే నన్ను వేరే కేసుకు రక్తం తెమ్మని కింది అంతస్తుకు పంపారు. తిరిగొచ్చేసరికి ఈరమ్మ ఒంటరిగా ఇనుపకడ్డీ పట్టుకుని అరుస్తోంది.

"యాడికి పోయినావు ఆయమ్మా? దేవుడు లేకుంటే పాయె, ఆ తెల్లమ్మనే పిలువు!"

పిలిచాను. ఇంగ్రిడ్ వచ్చి మళ్లీ చేయి పట్టుకుంది. ఆడబిడ్డ పుట్టింది, ఇద్దరూ క్షేమం. ఇంగ్రిడ్‌కు నేను చేసింది చెప్పలేదు. ఆమె వెళ్లేదాకా నా అసూయా తగ్గలేదు.

తర్వాత చేరిన ఆయాలకు మాత్రం ఒక మాట చెప్పాను. నొప్పులు పడే మనిషి పట్టుకున్న చేయిని విడిపించవద్దు, అది మన చేయి కాకపోయినా సరే.