పది డాలర్ల బోణీ

నా పర్సులో ఎప్పుడూ ఒక పది డాలర్ల నోటు ఉంటుంది. పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో ఉండే మా అమ్మాయికి అది చూస్తే నవ్వు. "అమ్మా, ఇక్కడ ఎవరూ క్యాష్ క్యారీ చెయ్యరు. ఫోన్ టాప్ చేస్తే అయిపోయేదానికి నీకు ఆ పర్సెందుకు?" అంటుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నేను ముందే ఒప్పేసుకుంటాను. దాని మాటలో అబద్ధమేం లేదు. ఈ మెల్‌బోర్న్‌లో రైలుకి కార్డు, బస్సుకి కార్డు, కాఫీకి కార్డు. గుడిలో హుండీ పక్కన కూడా ఒక మెషీన్ పెట్టారు. అది కుయ్‌మంటే గాని దేవుడికి మన మొక్కు ముట్టినట్టు కాదు.

మా ఆయన పోయాక వెరిబీలో ఇల్లు అమ్మేసి, నగరానికి ఈ చివర క్రాన్‌బర్న్‌లో చిన్న యూనిట్, ఒక్క మనిషికి సరిపోయే ఇల్లు, కొనుక్కున్నాను. వెరిబీలో తెలిసినవాళ్ళంతా నన్ను చూడగానే గొంతు తగ్గించి మాట్లాడేవారు. పక్కనే పకపకా నవ్వుతున్నవాళ్ళు నేను వెళ్ళగానే మూతులు ముడిచేవారు. నేనేమైనా నడిచే కర్మకాండనా? ఎవరికీ తెలియని చోటుకి పోతే నయమనిపించింది. వచ్చాక తెలిసింది, ఎవరికీ తెలియని చోట ఎవరూ పలకరించరని.

చైల్డ్‌కేర్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. రోజంతా పదిమంది పిల్లలు నా చేతులు పట్టుకుని లాగేవారు. జిగురు చేతులు, ముక్కు తుడుచుకున్న చేతులు. అప్పుడు విసుక్కునేదాన్ని. పని మానేసి ఇక్కడికి వచ్చాక, వారాల తరబడి ఇంకో మనిషి చెయ్యి నాకు తగల్లేదు. సూపర్ మార్కెట్‌కి వెళ్తే మనిషి ఉండడు, నా సరుకు నేనే మెషీన్ మీద గీకించుకుని నేనే సంచిలో వేసుకోవాలి. కొంచెం తేడా వస్తే ఆ మెషీన్‌లోని ఆడగొంతు తప్పు పడుతుంది. ఒకసారి తెలుగులో దాన్ని నాలుగు తిట్టాను. ఆ రోజంతటికీ నేను మాట్లాడింది దానితోనే. సాయంత్రం అమ్మాయి ఫోన్ చేస్తే గొంతు సవరించుకుంటే గాని మాట పెగల్లేదు.

అలాంటి రోజుల్లో ఒక శనివారం పొద్దున్న మా సందు చివర చిన్న ఇండియన్ షాపు కనబడింది. గల్లాపెట్టె దగ్గర ముప్ఫై ఏళ్ళ పిల్ల. కరీంనగర్ వైపు నుంచి యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, మొగుడూ తనూ కలిసి ఆ షాపు తీసుకున్నారట. మొగుడు వారమంతా వేర్‌హౌస్‌లో పనికి పోతాడు, షాపు ఈ పిల్లే చూసుకుంటుంది. నేను కరివేపాకు, ఒక మునక్కాయ, రెండు వంకాయలు తీసుకుని పది డాలర్ల నోటు ఇచ్చాను. ఆ పిల్ల నోటుని రెండు కళ్ళకీ అద్దుకుని గల్లాలో వేసి, "మీ చేత్తోనే బోణి ఆంటీ ఇయ్యాల" అంది.

నేను చిల్లర కూడా మర్చిపోయి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి చేతిలో పెట్టింది.

మరుసటి వారం నేను గుమ్మంలో ఉండగానే, "ఆంటీ, లాస్ట్ సాటర్డే మీరు బోణి చేసిన్రు కదా, ఫుల్ బిజీ తెల్సా! మీ చెయ్యి మంచిగున్నది. ఎవ్రీ సాటర్డే మీరే రావాలె" అంది. తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది నా పని. ఇంటికి వచ్చి నా అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను.

ఎందుకంత మురిసిపోయానో చెప్పాలంటే తెనాలిలో మా నాన్న బట్టల కొట్టు గురించి చెప్పాలి. ముందు వైపు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. మా మేనత్త చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. పొద్దున్నే కొట్టు తెరిచాక మొదటి బేరం అయ్యేదాకా ఆవిడ ఆ తలుపు దాటేది కాదు. దాటొద్దని మా నాన్న ఎప్పుడూ అనలేదు, ఆయన మంచివాడే. అనాల్సిన అవసరం రాలేదు, అంతే. నీళ్ళకి వెళ్ళాలన్నా, పాలవాడిని కేకెయ్యాలన్నా ఆవిడ తలుపు వెనక నిలబడి, "అన్నయ్యా, బోణీ అయిందా?" అని అడిగేది. అయిందంటే కొంగు తలమీదికి లాక్కుని, కొట్టులోంచి గబగబా నడిచి వీధిలోకి పోయేది. నేను స్కూలుకి వెళ్ళేముందు రోజూ వినే మాట అది. ఆ వయసులో నాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఇప్పుడు నేనూ మా మేనత్తలాంటిదాన్నే. బొట్టు మాత్రం తియ్యలేదు. అది ఆయన పెట్టింది కాదు, మా అమ్మ పెట్టింది. షాపు పిల్లతో నేను అబద్ధమూ ఆడలేదు, నిజమూ చెప్పలేదు. "మా ఆయనకి గుత్తివంకాయంటే ప్రాణం" అన్నానొకసారి. ప్రాణం లేనిది ఆయనకి, ఇష్టం ఎక్కడికి పోతుంది? నా సంగతి తెలిస్తే ఆ పిల్ల ఏమంటుందో నాకు తెలుసు. ఏమీ అనదు. మా నాన్నలాగే. కానీ శనివారం పొద్దున్న నా కోసం ఎదురుచూడదు.

ఇక శనివారాలు నావయ్యాయి. ఏటీఎంలో ఇరవైలూ యాభైలూ తప్ప పదుల నోట్లు రావు. అందుకని బ్యాంకుకి వెళ్ళి, కౌంటర్ దగ్గర కొత్త పదుల నోట్లు ఇమ్మని అడిగేదాన్ని. అక్కడి తెల్లావిడ "ఇప్పుడు క్యాష్ ఎవరికి కావాలి డార్లింగ్?" అని నవ్వేది. నాకు కావాలి. ఎవరి పిచ్చి వారికానందం. శనివారం పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, కోటు వేసుకుని వెళ్ళేదాన్ని. "బోణీ కాలేదుగా?" అంటే "మీ కోసమే ఆపిన ఆంటీ" అనేది. నోటు ఇచ్చేటప్పుడు దాని వేళ్ళు నా వేళ్ళకి తగిలేవి. పచ్చిమిరపకాయలు సర్దిన చేతులు, చల్లగా ఉండేవి. నాకు ఆ వారానికి అది చాలు.

ఒక శనివారం నేను బెండకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. వెరిబీలో మా వీధిలో ఉండే ఆవిడ. ఎవరింటికో లంచ్‌కి వచ్చి, దారిలో ఆగిందట. నన్ను చూడగానే గొంతు తగ్గించింది. తగ్గించినా అందరికీ వినబడే గొంతే ఆవిడది. "అంకుల్ పోయాక మీరు ఇటు వచ్చేశారని విన్నానండీ. ఒక్కరే ఉంటున్నారా? అయ్యో" అంది. షాపు పిల్ల మాకు రెండడుగుల దూరంలో బెండకాయలు తూస్తోంది. తల ఎత్తలేదు. నేను ఆ రోజు దాని ముఖం చూడకుండా డబ్బిచ్చి వచ్చేశాను.

పై శనివారం వెళ్ళేసరికి తలుపుకి అద్దం ఉండాల్సిన చోట చెక్క కొట్టి ఉంది, నేను పట్టించుకోలేదు. గల్లా దగ్గర అద్దానికి కాగితం అంటించి ఉంది, కార్డు మాత్రమే అని. నేను నోటు చాపితే ఆ పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది. "సారీ ఆంటీ, ఇయ్యాల్టి నుంచి నో క్యాష్" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఇంకేదో చెప్పబోయింది. నేను వినలేదు. సరుకు అక్కడే బల్ల మీద పెట్టేసి బయటికి వచ్చేశాను.

ఎంత మర్యాదగా తప్పించింది! తలుపు వెనకాల నిలబడమనలేదు. ఒక కాగితం అంటించింది. ఇంటిదాకా ఇదే అనుకుంటూ నడిచాను. కోపం వచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఒక ముసలిదాని పది డాలర్ల కోసం షాపు రూలు మార్చేస్తారా అని నాకు తట్టలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్ళకి అలాంటివి తట్టవు.

మళ్ళీ సూపర్ మార్కెట్, మళ్ళీ ఆ మెషీన్ గొంతు. కార్డు ఆనిస్తే కుయ్‌మనేది, తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. శనివారాలు మరీ ఘోరంగా ఉండేవి. అలవాటు కొద్దీ పొద్దున్నే తలస్నానం చేసి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలో తెలియక తడిజుట్టుతో సోఫాలో కూర్చునేదాన్ని. అమ్మాయికి చెబుదామనుకుని ఊరుకున్నాను. "బోణీ అంటే వాట్ అమ్మా?" అంటుంది. అది వివరించే ఓపిక నాకు లేదు.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే షాపు పిల్ల. చంకలో ఐదు కిలోల బియ్యం సంచి, చేతిలో కరివేపాకు. ఎప్పుడో వానలో నన్ను కారులో దింపింది కాబట్టి ఇల్లు తెలుసు.

"ఏమైంది ఆంటీ, వస్తలేరు? పానం బాగలేదా? రైస్ అయిపోయి ఉంటది కదా" అంటూ లోపలికి వచ్చింది. ఎదురుగా గోడకి దండ వేసిన ఆయన ఫోటో. చూసి, చెప్పులు విప్పేసి, ఒక్క క్షణం నిలబడింది.

నేను ఆగలేకపోయాను. "చూశావుగా. నా చేత బోణీ వద్దనుకుంటే మొహమ్మీదే చెప్పాల్సింది. కాగితాలంటించడం ఎందుకు?" అన్నాను.

దానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి కింద పెట్టి కూలబడింది. "అయ్యో ఆంటీ! ఆ ముందు రోజు ఎవరో డోర్ గ్లాస్ పగలగొట్టి గల్లా మొత్తం ఎత్తుకపోయిన్రు. షాప్‌ల పైసలే పెట్టొద్దని మా ఆయన కొట్లాట. మీకు చెప్దామంటే మీరు ఉరికినట్టు పోతిరి."

"మరి ఆ రోజు షాపులో ఆవిడ చెప్పింది విన్నావుగా?"

"ఆమె చెప్పుడేంది? నాకు ఫస్ట్ రోజు నుంచే తెల్సు. ఒక్క మునక్కాయ కొనేటోళ్ళ ఇంట్ల ఇద్దరెట్లుంటరు ఆంటీ?"

నేను కూర్చున్నాను. తెలిసీ నా చేత బోణీ చేయించిందన్నమాట. మా మేనత్త బతికి ఉంటే ఫోన్ చేసి చెప్పేదాన్ని. "తెలిసి కూడా మొదటి బేరం నాతోనే చేయించావా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

అది తల వంచుకుంది. సూటిగా అడిగితే అబద్ధం ఆడటం రాని పిల్ల. వచ్చి ఉంటే నాకు మేలయ్యేది.

"షాప్ ఎనిమిదింటికే తీస్తం ఆంటీ. మీరొచ్చేసరికి నలుగురైదుగురు వచ్చి పోతరు."

"మరి బోణీ అన్నావు?"

"ఫస్ట్ రోజు మీరు నోటిచ్చినంక కూడా నా చెయ్యి ఇడువలే. అట్లనే పట్టుకున్నరు. మీకు తెల్వదు గావచ్చు. నాకేమనాల్నో తెల్వలే. బోణి అన్న."

నాకు ఆ సంగతి నిజంగా గుర్తు లేదు. నోటు ఇచ్చానని గుర్తుంది, చెయ్యి పట్టుకున్నానని గుర్తు లేదు. ఒక పరాయి పిల్ల చెయ్యి పట్టుకుని వదలకుండా నిలబడ్డానా నేను? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నా చేతిలో ఏదో ఉందనుకుని మురిశాను ఇన్నాళ్ళూ. ఆ గల్లాలో నా నోటు ఎన్నోదో! టీ పెడతానన్నాను, అది వద్దంది, షాపులో పక్క బ్యూటీ పార్లర్ అమ్మాయిని కూర్చోబెట్టి వచ్చిందట. బియ్యానికి డబ్బు ఇవ్వబోతే తర్వాత చూద్దామని వెళ్ళిపోయింది.

ఆ వారమంతా నాకు దానిమీద కోపంగానే ఉంది. జాలిపడేవాళ్ళని తప్పించుకుని నగరం ఈ చివరికి వస్తే, ఇక్కడ ఇంకాస్త తెలివిగా జాలిపడ్డారు. ఇక ఆ షాపు గుమ్మం తొక్కనని ఆయన ఫోటోతో చెప్పాను. జేబులో పది డాలర్లు లేకుండా గడప దాటొద్దనేవాడు ఆయన. ఇప్పుడు ఫోటోలోంచి వేరే ఏం చెప్పడు, చెప్పలేడు. శుక్రవారం రాత్రి పడుకోబోతూ చూస్తే, మర్నాటికి చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి ఉంది. వేసింది నేనే.

శనివారం పొద్దున్న వెళ్ళాను. షాపు కొత్త అద్దం మెరుస్తోంది. నేను గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒక పంజాబీ ఆయన పిండి బస్తా మోసుకుంటూ బయటికి వస్తున్నాడు. ఆయన వెనకే పాల డబ్బాలతో ఇంకొకావిడ. నేను పక్కకి జరిగి వాళ్ళకి దారి ఇచ్చాను. లోపల ఆ పిల్ల మెషీన్ పక్కన నిలబడి నన్నే చూస్తోంది. నేను గుమ్మం బయటే ఆగాను.

"బోణీ అయిందా?" అన్నాను.

అది నా వెనక వీధిలో పోతున్న పిండి బస్తా వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది.

"ఇంక కాలే ఆంటీ. మీ కోసమే ఆపిన" అంది.

లోపలికి వెళ్ళాను. ఒక మునక్కాయ తీసుకున్నాను. పర్సులోంచి పది డాలర్ల నోటు తీసి దాని చేతిలో పెట్టి, ఈసారి తెలిసే చెయ్యి పట్టుకున్నాను. అది నోటు కళ్ళకి అద్దుకుని తిరిగి నాకే ఇచ్చేసింది. నేను కార్డు ఆనించాను, మెషీన్ కుయ్‌మంది. నోటు మళ్ళీ పర్సులో పెట్టుకున్నాను, వచ్చే శనివారానికి.