జోలపాట అని చెప్పింది నేనే

నిన్న మధ్యాహ్నం కెనడాలో, మిస్సిసాగాలోని మా అమ్మాయి ఇంట్లో, స్పీకర్‌లోంచి చిలకలు కూశాయి. ఆ వెంటనే నాకు పైపు పొగాకు, వేడెక్కిన టేపు కలిసిన వాసన తగిలింది.

రెండు పెద్ద చక్రాలు తిరిగే టేప్ రికార్డర్ గుర్తుందా మీకు? నా చిన్నప్పుడు, ఇక్కడికి దగ్గర్లోని హామిల్టన్‌లో మా కింద వాటాలో ఉండే తెల్ల పెద్దాయన దగ్గర ఉండేది. అలల హోరు, డోళ్ళు, తన నోటితోనే కూసిన పక్షి కూతలు కలిపి, హోటల్ లాంజ్‌ల కోసం సంగీతం కట్టేవాడు.

తమ్ముడు పుట్టాడని ఊరి నుంచి వచ్చిన నాయనమ్మకి, తాతయ్య పోయాడని టెలిగ్రాం అందింది ఆ ఇంట్లోనే. ఆవిడ మెట్ల మీద కూలబడి, మన పల్లెల్లో ఆడవాళ్ళు ఏడ్చినట్టే రాగం తీసి శోకాలు పెట్టింది. పెద్దాయన మైకు పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి, అది ఏం పాటని అడిగాడు. నాకు ఏడేళ్ళు. సిగ్గేసి, జోలపాట అన్నాను.

ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన సంగీతం మాత్రం ఇప్పుడు ఫోన్లలోకి వచ్చింది.

"ఓల్డ్ ఇండియన్ లలబై, డాడ్. ఇది ప్లే చేస్తేనే పాప పడుకుంటుంది. మీనింగ్ తెలుసా నీకు?" అంది అమ్మాయి.

తెలియదన్నాను.

పక్షుల వెనక నుంచి నాయనమ్మ గొంతు లేచింది. తెలుగు ముక్క రాని నా నాలుగేళ్ళ మనవరాలు కళ్ళు మూసుకుని, అలవాటుగా గొంతు కలిపింది.

"నన్నూ తీసుకుపోవయ్యా."