అమ్మ వదిలిన సగం

సంపూర్ణమ్మను మట్టిచేసి వచ్చిన వారానికి కృపానందానికి తల్లి గొంతు వినబడటం మొదలైంది.

తెల్లవారుజామున, పాలబండి ఇంకా సందులోకి రాకముందు, వంటగది వైపు నుంచి వచ్చేది. ఏడుపు కాదు, మూలుగు కాదు. బతికున్నప్పుడు రోజూ ఏ రాగంలో చెప్పుకునేదో అదే రాగం. కొండల వైపు చూసి, నాకు సాయం ఎక్కడినుంచి వస్తుందని అడిగే కీర్తన బైబిల్లో ఉంది కదా, అందులో ఆ ప్రశ్న వరకూ వచ్చి ఆగిపోయేది. ఇక ఏమీ ఉండేది కాదు. కృపానందం నిండా ముసుగు తన్ని బిగుసుకుని పడుకునేవాడు.

ఎందుకు ఆగుతోందో అతనికి బాగా తెలుసు. మిగతా సగం అతనిది.

సంపూర్ణమ్మకు అక్షరం ముక్క రాదు. పుట్టింది హనుమాన్ జంక్షన్ అవతల ఒక పల్లెలో. వాళ్ల పేట ఆడవాళ్లు వరినాట్లు వేస్తూ పాటలకు బదులు కీర్తనలు చెప్పుకునేవారు. ఒక వరస వాక్యంలో సగం అంటే, ఎదురు వరస వంచిన నడుం ఎత్తకుండానే మిగతా సగం అందుకునేది. పరిశుద్ధ గ్రంథం ఆమెకు ఆ బురదలోనే వంటబట్టింది. ఆమె తండ్రికి కూతురికి ఇవ్వడానికి సెంటు భూమి కూడా లేదు. పోతూ పోతూ, "నీకు వాక్యం ఇచ్చానమ్మా, దాన్ని ఏ వరదా కొట్టుకుపోదు" అన్నాడట. ఇంకొకరైతే మాటలతో సరిపెట్టాడని మూతి తిప్పుకునేవారు. ఈ పిచ్చితల్లి మాత్రం మాగాణి రాసిచ్చినట్టు బతుకంతా మురిసిపోయింది.

కొడుక్కీ అలాగే పంచింది. ముద్ద కలిపి చేతిలో పట్టుకుని సగం తను అనేది. మిగతా సగం వాడు అంటేనే ముద్ద నోట్లోకి వెళ్లేది. ప్రశ్న ఆమెది, జవాబు వాడిది. వాడు తప్పు చెబితే కోప్పడేది కాదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వేది. ఒప్పు చెప్పినా అదే నవ్వు. అంతగా నవ్వడానికి అందులో ఏముందో కృపానందానికి ఏనాడూ అంతుబట్టలేదు.

పెద్దవాడై ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే పనిలో కుదిరాక పొద్దున్నే ఉరుకులు పరుగులు. తల్లి తన సగం అంటుంటే, "నువ్వే చెప్పుకోవే అమ్మా, నాకు ఆలస్యమైపోతోంది" అని చెప్పులేసుకునేవాడు. ఆమె కాసేపు చూసి, కొడుకు సగం కూడా తనే అనుకునేది. చివరికి ఆసుపత్రి మంచం మీద ఊపిరందని స్థితిలోనూ ఆ ప్రశ్నే అడిగింది. అతను విన్నాడు. విని కూడా, నర్సు కోసం వరండాలోకి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి అడిగే మనిషి లేదు.

ఇప్పుడేమో పలకాలంటే భయం. చీకటితో వినబడే చచ్చినవాళ్ల గొంతుకు బదులిస్తే వెంట తీసుకుపోతుందని వాళ్ల పేటలో అందరికీ తెలుసు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

నిద్ర కరువై, పనిలో సూది బొటనవేల్లో దింపుకున్నాడు. భార్య డయానా కంగారుపడి చర్చి అయ్యగారిని పిలిపించి ప్రార్థన చేయించింది. "చనిపోయినవారు ప్రభువులో నిద్రిస్తారయ్యా, ఇదంతా నీ మనసు బాధ" అని అయ్యగారు టీ తాగి వెళ్లారు. మర్నాడు గొంతు మామూలుగానే వచ్చింది.

"అసలేం అంటోంది అత్తమ్మ?" అని డయానా నిలదీసింది. అప్పటిదాకా దాచిందంతా కృపానందం చెప్పేశాడు.

"అడిగినదానికి జవాబు చెప్పడం మానేసి అయ్యగారి ముందు ప్రార్థనకి కూర్చున్నారా?"

"పలికితే తీసుకుపోతుందే!"

"ఆవిడా? మీరు ఎండలో బయల్దేరితే తలకి గుడ్డ కట్టి పంపేది. ఆవిడ తీసుకుపోతుందా మిమ్మల్ని?"

తెల్లారకముందే ఇద్దరూ లేచి మంచం మీద కూర్చున్నారు. డయానా అతని చెయ్యి పట్టుకుంది. ధైర్యం చెప్పిన మనిషి చెయ్యే చల్లబడిపోయింది. గొంతు వచ్చింది. ప్రశ్న అడిగి ఆగింది. కృపానందం కళ్లు మూసుకుని, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడి దగ్గరనుంచి అని చెప్పాడు.

ఎవరూ అతన్ని తీసుకుపోలేదు. తర్వాతి సగం వచ్చింది. అందుకున్నాడు. ఎప్పుడో మరిచిపోయాననుకున్న మాటలు, ముద్ద ముద్దకీ మింగినవి, ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. కాలు జారనివ్వడన్నది వచ్చింది, ఎండదెబ్బ తగలనివ్వడన్నది వచ్చింది. చివర్లో రాకపోకలు కాపాడే మాట. బడికి వెళ్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి అనేది దాన్ని. అది చెప్పేసరికి అతనికి ఒళ్లంతా సంతోషం పొంగింది. చావు జరిగిన ఇంట్లో ఇంత సంతోషమేమిటని సిగ్గుపడ్డాడు కూడా.

మర్నాడు గొంతు రాలేదు. పాలబండి వచ్చి వెళ్లింది. తెల్లారిపోయింది. మట్టి వేసేటప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది అతనికి. వంటగది గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్లూ భయపడింది ఆ గొంతుకు. ఇప్పుడు అది లేకపోవడం అంతకంటే భయంగా ఉంది.

డయానా పక్కన వచ్చి కూర్చుంది. కృపానందం ముఖం తుడుచుకుని, తల్లి రాగంలోనే తల్లి సగం అన్నాడు. ప్రశ్న దగ్గర ఆగి భార్య వైపు చూశాడు.

"చూసి చదవడమే గానీ నాకు నోటికి రాదండీ" అంది డయానా.

"వచ్చినంత చెప్పు."

ఆమె తడుముకుని, "కొండల దగ్గర్నించే కదా వస్తుంది సాయం?" అంది.

కృపానందానికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం వెళ్లింది. భుజాలు ఎగిరిపడ్డాయి. తనూ నవ్వబోయిన డయానా ఠక్కున ఆగిపోయింది. వంటగదిలోకి ఒకసారి చూసి, మళ్లీ మొగుడి వైపు చూసింది.

"ఏమండీ... ఇది అత్తమ్మ నవ్వు" అంది మెల్లగా.

అతనికీ వినబడుతూనే ఉంది. ఆపుకోలేదు.

"మళ్లీ చెప్పు" అన్నాడు.