చక్రాల ఇంట్లో పొంగిన పాలు

మొన్న గురువారం నేను పాలు పొంగించాను. దానికే ఇంత కథా అంటారేమో, ఎక్కడ పొంగించానో విన్నాక అనండి. ఆ పొంగులో మా మరిది డీలర్‌షిప్ కొట్టుకుపోయేదే, కొద్దిలో తప్పింది. ఇప్పటికీ నేను టీ పెట్టడానికి లేస్తే చాలు, అతను వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడుతున్నాడు!

ముందు బండి సంగతి చెప్పాలి. మా మరిది రమణ ఇక్కడి ఇనపగనుల ఆఫీసర్లకి జీపులు తిప్పేవాడు. ఆ జీపులు అమ్మేసి, బచేలి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, క్యాంపర్ వ్యాన్ల డీలర్‌షిప్ తీసుకున్నాడు. అంటే చక్రాల మీద ఇల్లన్నమాట. మంచం, స్టవ్, సింకు, కొళాయి, కిటికీలకి పువ్వుల కర్టెన్లు! చిత్రకోట జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్ళు కొంటారని ఆశ. టూరిజం స్కీములో వచ్చింది కాబట్టి కంపెనీకీ రమణకీ మధ్య ఉన్న ఎగ్రిమెంటు మీద రాష్ట్రప్రభుత్వం ముద్ర ఉంటుంది. కంపెనీ తనకి తోచినప్పుడు డీలర్ని తీసెయ్యడానికి లేదు. రాసుకున్న షరతు ఏదో తప్పాడని చూపించాలి. సర్కారు ఆఫీసరు వచ్చి, కళ్ళతో చూసి, ఔననాలి.

కంపెనీకేమో జగదల్‌పూర్‌లో ఒక పెద్ద షాపాయన మీద మనసు పోయింది. గురువారం వాళ్ళ మేనేజరు ఆఫీసర్ని వెంటబెట్టుకుని వస్తున్నాడంటే, కారణం వెతుక్కోడానికే. రమణకి ముద్ద దిగడం మానేసింది. జీపులు పోయాయి, ఇది కూడా పోతే షెడ్డులో మిగిలేది ఎర్రదుమ్మే. ఇంట్లో ఎవరు కనిపించినా ఒకటే పాట: "కారణం ఇవ్వకూడదు. ఒక్కటంటే ఒక్క కారణం కూడా!"

ముందురోజు, షెడ్డులో చూపుకి పెట్టిన బండి తాళం నా చేతిలో పెట్టాడు.

"వదినా, రేపు పొద్దున్నే బండికి పూజ చేసి పెట్టు. నీ చేత్తో చేస్తే నాకు ధైర్యం."

చేశాను. గని దుమ్ము తుడిచాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. లోపల కూడా కాస్త పసుపు కుంకుమ పెడదామని తలుపు తీశాను.

అక్కడే చెడింది.

మంచం ఉంది. పొయ్యి ఉంది. నీళ్ళున్నాయి. ఇది బండి ఎలాగవుతుంది? ఇల్లు కాదేటి! ఇంటికి నిమ్మకాయతో సరిపెడతారా ఎవరైనా?

మా మామగారు రైల్వే మనిషి. విజయనగరం నుంచి ఈ కిరండూల్ లైనుకి వచ్చాక ఎన్ని క్వార్టర్లు మారారో, మా అత్తగారు అన్నిట్లోనూ పాలు పొంగించారు. వాన కారే గదైనా సరే, పక్క స్టేషన్లో నెలరోజుల మకామైనా సరే. ఏ క్వార్టర్లో పాలు ఏ దిక్కుకి పొర్లాయో, ఆ తర్వాత ఇంట్లో ఏ మంచి జరిగిందో ఆవిడ చెప్పగా నేను మనసులో రాసుకున్నాను. ఇంట్లో ఎవరికైనా సందేహం వస్తే నన్నే అడుగుతారు. ఒక్కచోట మాత్రం తొందరలో, పాలు పొంగకుండానే దింపేశారట. ఆ ఇంట్లో మామగారికి కాలు విరిగింది.

ఇవన్నీ తెలిసినదాన్ని, తెలిసీ ఊరుకుంటానా? ఇంటికెళ్ళి అత్తగారి ఇత్తడి గిన్నె, పాలు తెచ్చాను. వీధి తలుపు... అదే, బండి తలుపు... కుడికాలు పెట్టి ఎక్కాను. స్టవ్ వెలిగించాను. సింహాద్రి అప్పన్నని తలుచుకుంటూ నిలబడ్డాను.

మధ్యాహ్నం వస్తామన్న మనుషులు అప్పుడే దిగారు!

జీపు ఆగిన చప్పుడు, రమణ "రండి సాబ్, రండి మేడమ్" అనడం, అన్నీ వినబడుతున్నాయి. కర్టెన్ లాగేసి గిన్నెలోకి చూశాను. పాలు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. దింపేద్దామా? మామగారి కాలు గుర్తొచ్చింది. ఉంచేద్దామా? రమణ ముఖం గుర్తొచ్చింది. మంట పెద్దది చేశాను.

బయట మేనేజరు హిందీలో గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. బండి అద్దెకి తిప్పారా? పరుపు మీది కవర్లు తీశారా? లోపల స్టవ్ ఎప్పుడైనా వాడారా?

"సాబ్!" అన్నాడు రమణ. "ఆ స్టవ్‌కి ఈరోజు వరకు అగ్గిపుల్ల కూడా చూపించలేదు. అమ్మతోడు!"

పైనున్న మా అత్తగారి మీద ఒట్టు! కిటికీ సందులోంచి "రమణా... రమణా..." అని పిలిచాను. నా గొంతు సంగతేం చెప్పను, హారతి పాడితే నా పక్కన కూర్చున్నవాళ్ళకే వినబడదు.

ఆఫీసరమ్మ చెవి మాత్రం పాముచెవి.

"లోపల ఎవరో పిలుస్తున్నట్టుంది?" అంది హిందీలో.

"గాలి మేడమ్," అన్నాడు రమణ.

సరిగ్గా అప్పుడు పాలు పొంగాయి. ఏం పొంగడం! అంచు దాటి, మంట మీద పడి, చుయ్యిమని పొగ లేచి, నాకు తెలియని యంత్రమేదో కప్పులోంచి కుయ్యో కుయ్యోమని అరవడం మొదలెట్టింది. తలుపు ధడేల్మని తెరుచుకుంది.

ముందు మేనేజరు, వెనక ఆఫీసరమ్మ, ఆవిడ భుజం మీదుగా రమణ. స్టవ్ కట్టేసి గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కదా.

"రండి, ప్రసాదం తీసుకోండి," అన్నాను.

"భాభీజీ, యే క్యా హై?" అన్నాడు మేనేజరు. కోపంగా కాదు, లాటరీ తగిలినవాడిలాగ. ఆఫీసరమ్మ వైపు తిరిగి, "చూశారా మేడమ్, కొత్త బండిలో సంసారం పెట్టేశారు. ఇంతకంటే కారణం ఏం కావాలి?" అన్నాడు.

రమణ చక్రం పక్కన, నిమ్మకాయ దగ్గర చతికిలబడ్డాడు.

ఆఫీసరమ్మ యంత్రం అరుపు ఆగేదాకా ఆగి, తెలుగులో అడిగింది. "ఏందమ్మా, పాలు పొంగించినవా?"

ప్రాణం లేచొచ్చింది. ఆవిడది బాసగూడ దిక్కట, అక్కడ ఇంట్లో మన తెలుగేనట!

"ఔనమ్మా. పొయ్యీ మంచం ఉన్నాక ఇల్లే కదా అని..."

"ఏ దిక్కుకు పొర్లినయి?"

"ఇప్పటికైతే తూర్పే. బండి తిప్పితే మాత్రం నేను చెప్పలేను."

ఆవిడ పెదవి బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో తెలీలేదు. "అంతేనా? ఇంకేమన్న చేసేది ఉందా?"

కింది నుంచి రమణ చేతులు జోడిస్తున్నాడు, ఇంకేం లేదని చెప్పమని. కానీ గిన్నె చేతిలో ఉండగా అబద్ధం ఎలా ఆడను?

"పొంగించినచోట ఇంటివాళ్ళు నిద్ర చెయ్యాలమ్మా," అన్నాను.

రమణ ఒక మూలుగు మూలిగాడు. మేనేజరుకి ఆవిడే హిందీలో చెప్పింది. అతను చప్పట్లు కొట్టడం ఒక్కటే తక్కువ.

"ఎగ్రిమెంటు తీయండి," అంది ఆవిడ. "కవర్లు తీయకూడదని ఉందా?"

"ఉంది మేడమ్."

"తీశారా?"

మేనేజరు పరుపు చూశాడు. ప్లాస్టిక్ కవరు అలాగే మెరుస్తోంది. "లేదు."

"స్టవ్ వెలిగించకూడదని ఎక్కడుంది?"

అతను కాగితాలు తిప్పాడు. మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. "అది... అది ఎవరికైనా తెలిసిన విషయమే కదా మేడమ్! షోరూములో పాలు ఎవరు కాస్తారు?"

"రాసి లేని షరతుకు డీలర్ని తీసేయడానికి లేదు. రూలు అదే," అంది ఆవిడ. గిన్నెలో మిగిలిన పాలల్లోంచి ఒక చెంచాడు ప్రసాదం తీసుకుంది.

మేనేజరు ముఖం మాడ్చుకుని, ఎగ్రిమెంటు కొనసాగిస్తాను గానీ ఇప్పుడే కొత్త షరతు ఒకటి చేర్చాలన్నాడు. "పది చేర్చండి సాబ్!" అంటూ రమణ పెన్ను అందించాడు. ఆవిడ చదివి, ముద్ర వేసింది.

వాళ్ళు వెళ్ళాక ఆ స్టవ్ నేనూ తోటికోడలూ తోమాం. తర్వాత నిద్ర కూడా అయిందనిపించాం. మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద, కవరు తియ్యకుండా పడుకున్నాం. పక్కకి తిరిగితే అప్పడాల మూట మీద దొర్లినట్టు చప్పుడు. చెమటకి వీపు అంటుకుపోయింది. రమణ బయట స్టూలు మీద కాపలా కూర్చుని, "వదినా, పడుకోవడం అయిందా? స్టవ్ జోలికి వెళ్ళలేదు కదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ కొత్త షరతు రమణ నాకు చదివి వినిపించాడు. "ప్రదర్శన వాహనంలో డీలరు గానీ, డీలరు కుటుంబంలోని స్త్రీలు గానీ పాలు పొంగించరాదు." ఎగ్రిమెంటు అందరికీ ఒకటే కాబట్టి, ఇకమీదట ఈ కంపెనీ బండి అమ్మే ప్రతి డీలరూ దాని కింద సంతకం పెట్టాలట. పాపం, వాళ్ళందరూ బుర్ర గోక్కుంటారు.

మా అత్తగారు ఇన్ని ఇళ్ళలో పాలు పొంగించారు, ఆ సంగతులు విన్న సాక్షిని నేనొక్కదాన్నే. నేను పొంగించింది ఒక్కసారి, దానికి మాత్రం రాష్ట్రప్రభుత్వమే సాక్షి!