ఎండన పడి వచ్చే తెల్లమ్మ

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎంత నిశ్శబ్దంగా ఉండేవంటే, వీధి చివర గేటు తీస్తే ఆ చప్పుడు మా వంటింట్లోకి వినపడేది. ఆ గేటు డాక్టరు గారిది. ఆ వేళప్పుడు దాన్ని తీసే మనిషి ఒక్కరే, డాక్టరు గారి అత్తగారు. నల్ల గొడుగు, పువ్వుల గౌను, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, భుజానికి ఉన్ని ఉండలున్న సంచి. వీధి వీధంతా తలుపులు దగ్గరికి వేసుకొని నడుం వాల్చే సమయంలో ఆవిడ ఇళ్ళకు బయలుదేరేది.

ఆవిడది స్కాట్లాండు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. డాక్టరు గారు అక్కడికి పెద్ద చదువుకు వెళ్ళినప్పుడు ఆవిడ కూతురు అదే ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకుని ఇద్దరూ ఇక్కడికి వచ్చారు. కూతురి పురుటికని చలికాలంలో వచ్చిన తల్లి, మనవడి బోసినవ్వు వదిలి వెళ్ళలేక ఎండాకాలంలోకి కూడా ఉండిపోయింది. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ ఊరికి చివర. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న వైపు ద్రాక్ష తోటలూ, బండరాళ్ళూ తప్ప ఏమీ ఉండేవి కావు. తెల్లవాళ్ళను మా వీధి అంతకుముందు చూడలేదు.

పిల్లలందరం ఆవిడను దొరసాని అనేవాళ్ళం. మా నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. నల్గొండ జిల్లాలో పుట్టి పెరిగిన మా నాయనమ్మకు దొరసాని అంటే దొరల కోటలో, గడీలో ఉండే మనిషి. ఆ గడీ ముందు నుంచి చెప్పులు చేత పట్టుకొని నడిచిన కాళ్ళు ఆమెవి. “గీమె దొరసాని ఎట్లయితది? మన గడప మీద కూసున్నది గదా,” అని ఆవిడకు తెల్లమ్మ అని పేరు పెట్టింది. చివరికి వీధంతా అదే పేరు నిలిచింది.

తెల్లమ్మ ఏ ఇంటికి వెళ్ళినా ఏదో ఒకటి అడగడానికే వెళ్ళేది. ఒకనాడు గ్లాసెడు మజ్జిగ. ఇంకోనాడు రోట్లో పచ్చడి ఎలా నూరుతారో చూపించమని సైగలు. ఏమీ తోచకపోతే కాళ్ళు చాపుకోవడానికి కాస్త చోటు. అడిగింది దొరికాక గోడకు ఆనుకొని ఉన్నితో అల్లడం మొదలుపెట్టేది. నిప్పులు చెరిగే మే నెలలో వీధిలోని పిల్లలందరికీ ఉన్ని టోపీలు తయారయ్యాయి. ఆవిడ కనపడగానే పరుగెత్తి వెళ్ళి వాటిని తగిలించుకునేవాళ్ళం. చెమట కళ్ళల్లోకి కారుతున్నా, ఆవిడ మలుపు తిరిగేదాకా తీసేవాళ్ళం కాదు.

ఆవిడ తెలుగు కూడా అట్లాగే ఇల్లిల్లూ తిరిగి పోగుచేసుకున్నది. మా ఇంట్లో ‘ఏంది’ నేర్చుకుంది. మా పక్కిల్లు గుంటూరు వైపు వాళ్ళది, వాళ్ళింట్లో ‘అండీ’ నేర్చుకుంది. రెండూ కలిపి, ఎవరింటి ముందు నిలబడినా “ఏందండీ?” అనేది. నవ్వని వాళ్ళు లేరు.

ఆ పక్కింటి గురించి చెప్పాలి. ఆ ఇంటాయన మా బాపు పనిచేసే సర్కారు ఆఫీసులోనే పెద్ద గుమాస్తా. వాళ్ళమ్మాయిని నేను అక్కా అని పిలిచేదాన్ని. పక్కింటి అక్క నాకంటే ఐదారేళ్ళు పెద్ద. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది కాబట్టి నాకు జడ వేయడం, పేలు చూడడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం అన్నీ అక్కే చేసేది. వాళ్ళ ఆవరణలో బావి లేదు. మా పెరట్లో ఉంది. రెండిళ్ళ మధ్య గోడకు చిన్న తలుపు ఉండేది. పొద్దున్నే అక్క బిందెతో ఆ తలుపులోంచి వస్తే నాకు తెల్లారినట్టు.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని పట్నమంతా ఉడికిపోతోంది. బడులు మూసేశారు. ఒకరోజు బంద్, ఒకరోజు ఊరేగింపు, ఒకరోజు కర్ఫ్యూ. మా బాపుకు రావలసిన పై ఉద్యోగం కోస్తా నుంచి వచ్చిన మరెవరికో వెళ్ళిపోయిందని ఇంట్లో అప్పటికే బాధ ఉంది. కాలేజీలో చదివే మా చిన్నాయన ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిన్నాడు. చెయ్యి విరిగింది. కట్టు కట్టించి, ఆ కట్టుతోనే జైల్లో పెట్టారు. ఆ కబురు వచ్చిన సాయంత్రం మా నాయనమ్మ ఏడవలేదు. పెరట్లోకి వెళ్ళి, గోడ తలుపుకు గొళ్ళెం వేసి వచ్చింది.

మర్నాడు తలుపు అవతల బిందె నేలకు పెట్టిన చప్పుడు విన్నాను. తర్వాత అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి. వాళ్ళూ తలుపు కొట్టలేదు, అడగలేదు. అప్పటినుంచి అక్క, నేను అత్తయ్య అని పిలిచే వాళ్ళమ్మ పొద్దున్నే ఎక్కడో సరూర్‌నగర్ వైపు పొలంలో ఉన్న బావికి వెళ్ళి బిందెలతో తెచ్చుకునేవాళ్ళు. నా జడ నేనే వేసుకోవడం మొదలుపెట్టాను. పాపిడి వంకరగా వచ్చేది. ఎవరూ చూసేవాళ్ళు కారు. మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడితే అక్క అవతల ఏదో చదువుకుంటూ గొణుక్కోవడం వినపడేది. పిలవాలని నోటిదాకా వచ్చి, వంటింట్లో ఉన్న నాయనమ్మ గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

తెల్లమ్మకు ఇదంతా ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పనక్కర్లేదేమో. రోజూ రెండిళ్ళకూ తిరిగే మనిషి ఆవిడ ఒక్కతే. ఒక మధ్యాహ్నం ఆవిడ గొడుగుకు బదులు ఇనప బకెట్ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మా బావి వైపు చూపించి, చంకలో పసిబిడ్డను ఊపుతున్నట్టు సైగ చేసింది. మనవడి కోసమని మా నాయనమ్మ అర్థం చేసుకుంది. డాక్టరు గారింట్లో బోరింగు ఉంది, కానీ ఉప్పునీళ్ళు. మా బావి నీళ్ళంటే నాయనమ్మకు గొప్ప. “తీస్కపో, పప్పు సుత గీ నీళ్ళతోనే మంచిగ ఉడుకుతది,” అని తనే చేద వేసి బకెట్ నింపింది.

తెల్లమ్మ గేటు దాటి ఎడమవైపు వెళ్ళాలి. కుడివైపు తిరిగింది. పక్కింటి మెట్లెక్కి, బకెట్ వాళ్ళ గుమ్మంలో పెట్టి, లోపల ఖాళీ చేయించుకొని, ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

నాయనమ్మ కిటికీలోంచి చూసింది. మర్నాడు కూడా తెల్లమ్మ బకెట్‌తో వచ్చింది. ఆరోజు నాయనమ్మ చేద ముట్టుకోలేదు, అట్లాగని వద్దనీ అనలేదు. ఇంటికి వచ్చిన పెద్దమనిషిని నీళ్ళు తోడుకోవద్దనడం ఆమెకు చేతకాదు. తెల్లమ్మే తాడు పట్టుకొని, సగం నీళ్ళు గౌను మీద ఒంపుకుంటూ తోడుకుంది. ఆ వారమంతా అదే వరస. అంత ఎండలో ఆవిడ ముఖం, మెడ ఎర్రగా కమిలిపోయేవి. నాయనమ్మ కిటికీ దగ్గర నిలబడి, “సచ్చిపోతది గీమె. చెప్తే ఇనదు,” అని గొణుక్కునేది. ఎవరితో చెప్పిందో, ఎవరు వినలేదో నాకు తెలియదు. తెల్లమ్మతో మాత్రం ఆమె ఒక్క మాట కూడా చెప్పలేదు.

చివరికి ఒకరోజు తెల్లమ్మ మా గేటుకూ పక్కింటి మెట్లకూ మధ్య, మిట్టమధ్యాహ్నం ఎండలో, బకెట్ పక్కన పెట్టుకొని రోడ్డు మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది.

నాయనమ్మ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. వెనక నేను. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకొని నాయనమ్మ పక్కింటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది. “ఎవలన్న ఉన్నరా? జర ఇటు రాండ్రి, తెల్లమ్మ పడిపోయింది.” గొళ్ళెం వేసిన రోజు నుంచి ఆ ఇంటితో ఆమె అన్న మొదటి మాట అది. పక్కింటి అత్తయ్య, అక్క ఒక్క ఉదుటున వచ్చారు. ఆ బకెట్‌లోని నీళ్ళే ముఖాన చల్లి, ముగ్గురూ కలిసి ఆవిడను లేపి దగ్గరగా ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళారు. దగ్గరగా ఉన్నది వాళ్ళ ఇల్లే.

మంచం మీద పడుకోబెట్టి విసురుతున్నారు. అప్పుడు చూసింది నాయనమ్మ. గోడవారగా ట్రంకు పెట్టెలు, తాళ్ళతో కట్టిన పరుపు చుట్టలు, ఖాళీ అయిన అలమర. అక్క నావైపు చూడలేదు.

“యాడికి పోతున్నరు?” అంది నాయనమ్మ.

“మా ఊరికేనండీ. బస్సులు తిరిగితే ఆదివారం,” అంది అత్తయ్య. విసరడం ఆపలేదు.

“పిల్ల పరీక్షలు?”

“ఉంటాయో ఉండవో. పిల్లకి రోజూ అంత దూరం నీళ్ళు మోయడంతోనే సరిపోతోందండీ.”

“నా కొడుకు జైల్ల ఉన్నడు,” అంది నాయనమ్మ.

“తెలుసండీ. రోజూ అనుకుంటూనే ఉన్నాం. వచ్చి పలకరిద్దామంటే మొహం చెల్లలేదు. మీరు తలుపేసుకున్నారు కదా.”

“గొళ్ళెమే గదమ్మా. తాళమైతె కాదు.”

అది ఎంత న్యాయమైన మాటో నాకు తెలియదు. గొళ్ళెం మావైపే ఉంది. కానీ అత్తయ్య ఆ మాట పట్టుకొని వాదించలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడే మంచం మీద నుంచి తెల్లమ్మ ఒక కన్ను తెరిచి, ఇద్దరి ముఖాలూ చూసి, “ఏందండీ?” అంది. అత్తయ్యకు నవ్వు వచ్చింది. నాయనమ్మ నవ్వలేదు. చిన్నాయన జైలుకు వెళ్ళాక మొదటిసారి, పక్కింటి మంచం పట్టె పట్టుకొని ఏడ్చింది.

తెల్లమ్మ నిజంగా సొమ్మసిల్లిందా, వేషం వేసిందా అని డాక్టరు గారి భార్యను ఆ తర్వాత అడిగాను. ఆమె నవ్వి, తన తల్లి చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో చర్చి ఏదో మాట మీద రెండుగా చీలిందట. తెల్లమ్మ వాళ్ళమ్మ ఒక చర్చికి, ఆమె సొంత అక్క ఇంకో చర్చికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే గోడ. ఏళ్ళ తరబడి మాటల్లేవు. చలికాలంలో పెద్దమ్మ దగ్గు ఆ గోడలోంచి వినపడేదట. వాళ్ళమ్మ చేతిలో పని ఆపి వినేదట, కానీ లేచి వెళ్ళేది కాదట. ఒక చలికాలం దగ్గు వినపడడం ఆగిపోయింది. “ఆ తర్వాత మా అమ్మమ్మ ఆ గోడ దగ్గరే కుర్చీ వేసుకొని కూర్చునేదంట. మా అమ్మ అది చూస్తూ పెరిగింది,” అంది ఆమె.

ఆదివారం బస్సులు తిరిగాయి. పక్కింటివాళ్ళు వెళ్ళలేదు. గోడ తలుపు మళ్ళీ తెరుచుకుంది. అక్క నా జడ విప్పి, చిక్కులు తీస్తూ, “ఎవరే నీకు జడ వేసింది, ఇలా తగలేశారు?” అంది.

చిన్నాయన వానలు మొదలయ్యే ముందు విడుదలై వచ్చాడు. చెయ్యి వంకరగా అతుక్కుంది. పెరట్లో నీళ్ళు తోడుతున్న అక్కను చూసి ఆగాడు. అక్క చేద వదిలి నిలబడిపోయింది. చిన్నాయన మంచి చేత్తో తాడు అందుకొని, “మా కొట్లాట నౌకరీలకు, మా రాజ్యానికి. బాయి నీళ్ళకు కాదు. తోడుకో చెల్లె,” అన్నాడు. అతను పోరాటం మానలేదు. ఆ తర్వాత కూడా ఊరేగింపులకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నొప్పెట్టే ఆ చేతికి గుడ్డ పట్టీ కట్టి పంపింది కొన్నిసార్లు పక్కింటి అత్తయ్యే.

అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. మా బాపుకు ఆ ఉద్యోగం రాలేదు. చిన్నాయన చదువు ఒక ఏడాది వెనకపడింది. మరుసటి ఏడాది పక్కింటాయనకు బదిలీ అయింది. అక్క లారీ ముందు సీట్లో కూర్చొని, వీధి మలుపు దాకా తల బయట పెట్టి చూస్తూ వెళ్ళింది. మళ్ళీ చూడలేదు. తెల్లమ్మ అంతకంటే ముందే, మొదటి వానలకే, తన సముద్రం ఊరికి వెళ్ళిపోయింది. వచ్చే ఎండాకాలం వస్తానని సైగలతో చెప్పింది. నాయనమ్మ మరుసటి చైత్రం నుంచే ఎదురుచూసింది. వైశాఖంలో డాక్టరు గారి భార్య మా ఇంటికి వచ్చి, మా నాయనమ్మ పక్కన కూర్చొని, చెయ్యి పట్టుకుంది. అప్పటికి ఆమెకు తెలుగు బాగా వచ్చు. అమ్మ పోయిందన్న ఒక్క మాటే నోట రాలేదు.

నేనిప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను, మనవలున్న దాన్ని. తెలంగాణ కోసం రెండోసారి ఉద్యమం లేచి బంద్‌లు నడుస్తున్న రోజుల్లో, మా ఎదురు ఫ్లాట్‌లోని విజయవాడ దంపతులు తలుపు తీయడం తగ్గించేశారు. నేను వెళ్ళి బెల్లు కొట్టి నాలుగు రెబ్బల కరివేపాకు అడిగాను. మా బాల్కనీలో కరివేపాకు చెట్టు ఉంది. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి, “లోపలికి రండి,” అని పక్కకు తప్పుకుంది. కాఫీ తాగి వచ్చాను.

ఆ అలవాటు నాకు అట్లాగే ఉండిపోయింది. ఏ తలుపైనా ఎక్కువ రోజులు మూసి ఉంటే నాకు ఏదో ఒకటి అవసరం పడుతుంది. సూదీ దారమో, ఇంత ఇంగువో, కాసేపు కూర్చోవడానికి చోటో. మా కోడలు నవ్వుతుంది, అన్నీ ఇంట్లో ఉన్నాయి కదా అత్తయ్యా అని. ఉన్నాయి. కానీ ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఇంట్లో అందరూ పడుకున్నాక నాకు నిద్ర పట్టదు. ఎవరైనా వచ్చి, నన్నేమైనా అడిగితే బాగుండునని తలుపు వైపు చూస్తూ కూర్చుంటాను.