పసుపు జబ్లా భుజం కొలత

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. సూరత్ పర్వత్ పాటియాలో, మా ఇంటి ముందుగదిలోనే జాకెట్లు కుడుతున్నాను. నేను బడికి పోలేదు. అక్షరాలు, కుట్టు రెండూ అమ్మ పక్కన కూర్చునే నేర్చుకున్నాను. మా నేతవాళ్ల దైవం మార్కండేయ స్వామికి దండం పెట్టనిదే మిషన్ మీద కాలు వేయను. మిగిలిన ముక్కలతో చంటిపిల్లలకు జబ్లాలు కుట్టి లేనివాళ్లకు ఇస్తాను.

ఒకరోజు సిగ్నల్ దగ్గర బిచ్చమెత్తే ఆమె పసివాణ్ణి ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. పసుపు జబ్లా తొడిగితే ఆర్మ్‌హోల్, అంటే చంక చుట్టు, బిగుసుకుంది. కుట్టు విప్పి వదులు చేశాను. భుజం, ఛాతీ కొలిచి పుస్తకంలో రాసుకున్నాను. పక్కింటి సుజాత నవ్వింది.

"పుణ్యానికిచ్చే గుడ్డకు గిన్ని కొలతలేంది వదినా?"

"ఒరుసుకుంటే ఏడ్చేది పిల్లగాడే గదా."

రెండు వారాలకు ఆమె మళ్లీ వచ్చింది. అదే జబ్లా, కానీ భుజాల నుంచి జారిపోతోంది. పసివాడు కొంగు కింద నిద్రపోతున్నాడు.

"బుఖార్ వచ్చింది దీదీ, సన్నబడ్డాడు" అంది హిందీలో.

జ్వరానికి ఒళ్లు తగ్గుతుంది. షోల్డర్ తగ్గదు, అది ఎముక కొలత. టేపు పెట్టి చూశాను. పుస్తకంలో ఉన్నదానికంటే అంగుళం తక్కువ! చల్లని టేపు తగిలినా బిడ్డ కదల్లేదు.

"కూర్చో, బిగించి ఇస్తా" అని జబ్లా విప్పి తీసుకున్నాను. అక్కడే ఉన్న సుజాతతో, గొంతు మారకుండా, తెలుగులో అన్నాను:

"నవ్వుకుంటనే లోపలికి పో. పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యి. గీ పిల్లగాడు ఆ పిల్లగాడు కాదు."

ఒకే కుట్టు మూడుసార్లు వేసి మూడుసార్లు విప్పాను. నాలుగోసారికి హెల్ప్‌లైన్ అమ్మాయి, పోలీసులు వచ్చారు. ఆమె ఏడ్చేసింది. "సాయంత్రానికి బిడ్డను వాపస్ ఇయ్యకుంటే నన్ను కొడతారు దీదీ!" ఆమెతోనూ ఎవరో బిచ్చమెత్తిస్తున్నారన్నమాట.

ఆమె చూపిన ఇంటికి పోలీసులు వెళ్తే సంగతి బయటపడింది. సూరత్‌లోనే భేస్తాన్‌ వైపు మగ్గాల పనికి పోయే తల్లులు పిల్లల్ని ఒకావిడకు అప్పగించి వెళ్లేవారు. ఆవిడేమో పిల్లలకు నిద్రమందు పట్టి బిచ్చానికి అద్దెకు పంపుతోంది. మొదటి పసివాడూ ఆ ఇంట్లోనే దొరికాడు.

ఆ రెండో బిడ్డ ఆస్పత్రిలో కోలుకున్నాక, వాడి తల్లి తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది. ఆ తల్లి సిరిసిల్ల వైపు పిల్ల.

"నా కొడుకును ఎట్ల గుర్తుపట్టినవక్కా?"

"నీ కొడుకని నాకేం ఎరుక చెల్లె? వాని భుజం చెప్పింది."

వాడు నా మెడలో టేపు పట్టుకుని గట్టిగా గుంజాడు. స్వామికి, అమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

కూలికి కుట్టే జాకెట్టుకు ఎంత శ్రద్ధో, ఊరికే ఇచ్చే జబ్లాకూ అంతే ఉండాలని అమ్మ అనేది. ఎందుకో ఆ రోజు తెలిసింది. ఇప్పుడు సుజాత నవ్వడం లేదు. ఎవరైనా బిడ్డతో గుమ్మంలోకి వస్తే, కొలతల పుస్తకాన్ని ముందుగా తనే తెరుస్తుంది.